దేశాల మధ్య గొడవలొస్తే టూరిజంలో దెబ్బ ఎవరికి తగులుతుంది?

మీరు అడిగింది ఇదీ: ఒకే ప్రాంతంలోని దేశాల మధ్య వైరం ముదిరినప్పుడు విదేశీ పర్యాటకం నిజంగా ఎంత పడిపోతుంది, పడిపోయింది మళ్లీ లేస్తుందా, అలాంటి సమయంలో ప్రయాణం పెట్టుకున్నవాళ్లు ఏం చూసుకోవాలి. విదేశీ ప్యాకేజీలు తయారు చేయడం, గ్రూపులు పంపడం, మధ్యలో చిక్కుకుపోయినవాళ్లను వెనక్కి రప్పించడం చాలా ఏళ్లుగా నా పని. అందుకని కాస్త పెద్దగానే రాస్తున్నాను.

యుద్ధం అంటే బాంబులు, బాంబులంటే భయం, భయం వల్ల టూరిస్టులు రారు అని చాలామంది లెక్క. అదీ ఉంటుంది. కానీ గత పదేళ్లలో పెద్ద దెబ్బలు తిన్న చోట్లు తీసి చూస్తే, చాలా వాటిలో తుపాకీ పేలనే లేదు. ఒక ప్రభుత్వం తన ట్రావెల్ ఏజెన్సీలను పిలిచి ‘ఆ దేశానికి గ్రూపులు పంపకండి’ అంది, అంతే.

దక్షిణ కొరియా సంగతి చూడండి. 2016 జూలైలో తమ దేశంలో అమెరికా క్షిపణి రక్షణ వ్యవస్థ ‘థాడ్’ పెట్టడానికి ఒప్పుకున్నామని సోల్ ప్రకటించింది. దాని రాడార్ తన భూభాగంలోకి చూస్తుందని చైనాకు కోపం వచ్చింది. 2017 మార్చిలో చైనా ఏజెన్సీలు కొరియా గ్రూప్ టూర్లు అమ్మడం ఆపేశాయి. ఆదేశాలు నోటిమాటగా వెళ్లాయని అప్పట్లో వార్తలు వచ్చాయి, చైనా ప్రభుత్వం మాత్రం నిషేధం అన్న మాటే బయటికి ఒప్పుకోలేదు. అదే నెలలో జెజు దీవికి చేరిన ఒక క్రూజ్ ఓడలోని 3,000 మందికి పైగా చైనా ప్రయాణికులు కిందికి దిగకుండా వెనక్కి వెళ్లిపోయారు, బయట వాళ్ల కోసం బస్సులు, గైడ్లు ఎదురుచూస్తుండగానే. 2016లో కొరియాకు 80 లక్షల మంది చైనీయులు వస్తే 2017లో వచ్చింది 42 లక్షల లోపే. థాడ్‌కు స్థలం ఇచ్చిన లోటె సంస్థకు చైనాలో ఉన్న దుకాణాలు చాలావరకు మూతపడ్డాయి. ఇంత చేసినా థాడ్ అక్కడే ఉంది. గ్రూప్ టూర్ల మీద ఆంక్ష పూర్తిగా ఎత్తేసింది ఎప్పుడో తెలుసా, 2023 ఆగస్టులో.

ప్రభుత్వాలకు టూరిజమే ఎందుకు దొరుకుతుంది అంటే, ఇంత సులువైన ఆయుధం ఇంకోటి లేదు కాబట్టి. ఒక వస్తువు మీద సుంకం పెంచితే ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు పడుతుంది, ఆ వస్తువు దిగుమతి చేసుకునే సొంత వ్యాపారులే గోల చేస్తారు. అదే ‘మా పౌరుల భద్రత కోసం ఆ దేశానికి వెళ్లొద్దని సూచిస్తున్నాం’ అంటే ఎవరు కేసు వేస్తారు? సొంత జనానికి కూడా పెద్ద నష్టం లేదు, ఈ బీచ్ కాకపోతే ఇంకో బీచ్. పైగా కుళాయి లాంటిది, కావాలంటే కట్టేయొచ్చు, మళ్లీ మనసు మారితే తిప్పొచ్చు. చైనా విషయంలో ఇది ఇంకా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ఏ దేశానికి గ్రూప్ టూర్లు అమ్మొచ్చో ప్రభుత్వమే అనుమతి ఇచ్చే పద్ధతి అక్కడ ముందునుంచీ ఉంది. చైనా తనదేనని చెప్పుకునే తైవాన్‌కు 2015లో 41 లక్షలకు పైగా చైనా సందర్శకులు వచ్చారు. 2016లో చైనాతో పొసగని సాయ్ ఇంగ్-వెన్ అక్కడ అధ్యక్షురాలయ్యాక గ్రూపులు తగ్గుతూ వచ్చాయి, 2019 ఆగస్టు నుంచి చైనాలోని 47 నగరాల వాళ్లకు సొంతంగా వెళ్లే పర్మిట్లు కూడా ఆపేశారు. 2025 నవంబరులో జపాన్ ప్రధాని తకాయిచి తైవాన్ గురించి పార్లమెంటులో మాట్లాడిన వారం రోజులకే జపాన్ వెళ్లొద్దని చైనా తన పౌరులకు చెప్పింది, చైనా విమాన సంస్థలు టికెట్లకు ఉచితంగా రీఫండ్లు ఇచ్చాయి. ఇలాంటి మూతలో భద్రత మాట పైపైన వాడేది. అసలు విషయం రాజకీయం. అది అర్థమైతే, ఇది ఎప్పుడు తెరుచుకుంటుందో ఊహించడం కొంచెం తేలిక.

ఇవన్నీ చూశాక నాకు అర్థమైంది ఒకటి ఉంది, మీ ప్రశ్నకు నా అసలు జవాబు కూడా అదే. దేశం మొత్తం లెక్క చూస్తే దెబ్బ ఎక్కడుందో తెలియదు. ఆ దేశంలో ఏ ఊరు, ఏ దీవి, ఏ వ్యాపారం ఒకే ఒక్క దేశపు టూరిస్టుల మీద బతుకుతోందో అక్కడ చూడాలి.

2019 జూలైలో జపాన్ కొరియాకు వెళ్లే కొన్ని రసాయనాల ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జపాన్ కొరియన్లతో చేయించుకున్న వెట్టిచాకిరీకి పరిహారం మీద అప్పటికే రెండు దేశాల మధ్య నలుగుతున్న గొడవ దాంతో రోడ్డెక్కింది. కొరియా జనమే జపాన్ వస్తువులను, ప్రయాణాలను బహిష్కరించారు. 2018లో 75 లక్షలున్న కొరియా సందర్శకులు 2019లో 56 లక్షలకు తగ్గారు. కానీ ఆ ఏడాది జపాన్‌కు వచ్చిన మొత్తం విదేశీయులు 3.18 కోట్లు దాటారు, అప్పటికి అదే రికార్డు. టోక్యోలో కూర్చుని చూసేవాడికి ఏమీ కాలేదనే అనిపిస్తుంది. ఇప్పుడు త్సుషిమా దీవికి వెళ్లండి. కొరియాలోని బుసాన్ రేవుకు 50 కిలోమీటర్ల దూరం, సుమారు 30 వేల జనాభా, ఏడాదికి 4 లక్షల మంది కొరియన్లు ఫెర్రీలో వచ్చేవాళ్లు, విదేశీ టూరిస్టులంటే దాదాపు వాళ్లే. ఫెర్రీలు ఆగిపోతే ఆ దీవిలో హోటల్ నడిపేవాడు ఎవరికి గది అమ్ముకోవాలి? ఆ రసాయనాల సంగతి అతనికి ఏం తెలుసు?

పలావు అనే దేశం సంగతి మరీ బాధాకరం. పసిఫిక్ మహాసముద్రంలో 18 వేల మంది ఉండే దీవుల దేశం. తైవాన్‌ను గుర్తిస్తున్న అతి కొద్ది దేశాల్లో ఒకటి. 2015 నాటికి అక్కడికి వచ్చేవాళ్లలో సగానికి పైగా చైనీయులే. ఆ జోరు చూసి హోటళ్లు కట్టారు, పడవలు కొన్నారు. 2017 చివర్లో చైనా ఏజెన్సీలు పలావు టూర్లు అమ్మడం ఆపేశాయి, మరుసటి ఏడాదికి చైనా నుంచి విమానాలు నడిపే పలావు పసిఫిక్ ఎయిర్‌వేస్ తన సర్వీసులు ఆపుకుంది. పలావు ప్రభుత్వం తైవాన్‌ను వదల్లేదు. అది వాళ్ల నిర్ణయం, గౌరవించాల్సిందే. కానీ ధర కట్టింది మాత్రం డైవింగ్ పడవలవాళ్లు, గదులు ఊడ్చేవాళ్లు.

కుళాయి కట్టేసిన చోటకీ, భయం వల్ల ఖాళీ అయిన చోటకీ కోలుకునే వేగంలో చాలా తేడా ఉంటుంది. 2015 నవంబరు 24న సిరియా సరిహద్దులో టర్కీ ఒక రష్యా యుద్ధ విమానాన్ని కూల్చింది. నాలుగు రోజుల్లో పుతిన్ చార్టర్ విమానాల మీద నిషేధం పెట్టారు, ప్యాకేజీల అమ్మకం ఆగింది, టర్కీ పౌరులకు వీసా లేకుండా వచ్చే సౌకర్యమూ పోయింది. 2014లో 45 లక్షల దాకా ఉన్న రష్యన్లు 2016లో 9 లక్షలకు కూడా చేరలేదు. అంతల్యా తీరంలో రష్యన్ల కోసమే నడిచే పెద్ద పెద్ద రిసార్టులు వెలవెలబోయాయి. 2016 జూన్‌లో ఎర్దోగాన్ విచారం తెలుపుతూ లేఖ రాశారు, ఆగస్టు చివరికి చార్టర్ల మీద నిషేధం ఎత్తేశారు, 2017లో 47 లక్షల మంది వచ్చారు. ఆ మధ్యలో టర్కీలో సైనిక తిరుగుబాటు ప్రయత్నం జరిగినా కూడా! ఈజిప్టు కథ వేరు. అదే 2015 అక్టోబరు 31న షర్మ్ ఎల్ షేక్ నుంచి బయల్దేరిన రష్యా విమానం సినాయ్ మీద బాంబు పేలి కూలింది, 224 మంది చనిపోయారు. అది రెండు దేశాల మధ్య వైరం కాదు, ఉగ్రవాదం. అయినా పోలిక కోసం చెబుతున్నా, రష్యా నుంచి ఎర్ర సముద్రపు రిసార్టులకు విమానాలు మళ్లీ నడిచింది 2021 ఆగస్టులో. రాజకీయం సంతకంతో సర్దుకుంటుంది, విమానాశ్రయ భద్రత మీద పోయిన నమ్మకం తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది.

ఇక ఆకాశం సంగతి. ఆ గొడవతో ఏ సంబంధమూ లేని మూడో దేశం మనిషికి ఎక్కువగా తగిలేది ఇదే. 2019 ఫిబ్రవరి 26న బాలాకోట్ దాడి తర్వాత పాకిస్తాన్ తన గగనతలం మూసి జూలై 16న తెరిచింది. జూలై 2 నాటికే ఎయిర్ ఇండియాకు 491 కోట్ల రూపాయల నష్టమని ప్రభుత్వం రాజ్యసభలో చెప్పింది. ఇండిగో ఢిల్లీ నుంచి ఇస్తాంబుల్‌కు నేరుగా వెళ్లాల్సిన విమానాన్ని ఇంధనం కోసం దోహాలో దించాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపేశాక మళ్లీ అదే కథ, ఈసారి రెండు వైపులా మూత. నెలకోసారి నోటమ్ (విమాన సంస్థలకు ఇచ్చే అధికారిక నోటీసు) ఇచ్చి గడువు పెంచుకుంటూ పోయారు. చుట్టూ తిరిగి వెళ్తే అదనపు ఇంధనం ఒక్కటే కాదు, సిబ్బంది డ్యూటీ గంటలు దాటిపోతాయి, అదనపు పైలట్లు కావాలి, బరువు తగ్గించాలంటే కొన్ని సీట్లు ఖాళీగా వదలాలి, చివర్లో ఆ ఖర్చంతా టికెట్ ధరలోకే వస్తుంది. ఫిన్‌ఎయిర్ పరిస్థితి ఇంకా కష్టం. ఐరోపా నుంచి తూర్పు ఆసియాకు దగ్గరి దారి హెల్సింకి మీదుగానే అని చెప్పుకుని, రష్యా మీదుగా ఎగురుతూ ఎదిగిన సంస్థ అది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వల్ల ఆ ఆకాశం మూతపడేసరికి టోక్యోకు తొమ్మిదిన్నర గంటల ప్రయాణం పదమూడు గంటలైంది. చైనా విమానాలు మాత్రం రష్యా మీదుగానే వెళ్తున్నాయి, అందుకే చాలా ఐరోపా మార్గాల్లో వాళ్ల టికెట్టు చవక.

విమాన సంస్థలు అతిగా భయపడుతున్నాయని కొందరు విసుక్కుంటారు. నేను ఒప్పుకోను. 2014 జూలై 17న మలేసియా విమానం ఎంహెచ్17 క్షిపణి తగిలి కూలిన రోజు తూర్పు ఉక్రెయిన్ మీద 32,000 అడుగుల లోపే మూత ఉంది, ఆ విమానం 33,000 అడుగుల ఎత్తులో, నిబంధనల ప్రకారమే వెళ్తోంది. 298 మంది పోయారు. 2020 జనవరి 8న టెహ్రాన్ నుంచి లేచిన ఉక్రెయిన్ విమానాన్ని ఇరాన్ దళాలే పొరపాటున కూల్చాయి, 176 మంది. అప్పటికి కొన్ని గంటల ముందే ఇరాన్ ఇరాక్‌లోని అమెరికా స్థావరాల మీద క్షిపణులు వేసింది, అయినా విమానాశ్రయం తెరిచే ఉంచారు. కాబట్టి మీ విమానం నాలుగు గంటలు ఆలస్యంగా, దూరపు దారిలో వెళ్తోందంటే ఎవరో తమ పని సరిగ్గా చేస్తున్నారని అనుకోండి.

గల్ఫ్‌లోని పెద్ద విమానాశ్రయాలు ఇందులో ప్రత్యేకం, ఎందుకంటే అక్కడ విమానం మారి వేరే దేశాలకు వెళ్లేవాళ్లు చాలా ఎక్కువ. 2017 జూన్ 5న సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. ఖతార్‌కు ఉన్న ఒకే ఒక్క భూసరిహద్దు సౌదీతో, అది మూతపడింది. చుట్టూ ఉన్న గగనతలం బహ్రెయిన్ నియంత్రణలో ఉండేది కాబట్టి విమానాలు సన్నటి దారుల్లో బయటపడి ఇరాన్ మీదుగా వెళ్లాల్సి వచ్చింది. వచ్చే సందర్శకుల్లో పెద్ద భాగం పొరుగు గల్ఫ్ వాళ్లే, వాళ్లు ఒక్కసారిగా పోయారు. రెండు నెలల్లో ఖతార్ 80 దేశాల వాళ్లకు వీసా లేకుండా రమ్మంది, అందులో ఇండియా కూడా ఉంది. ఒక దారి మూస్తే ఇంకో తలుపు తెరవడానికి డబ్బూ, సొంత విమాన సంస్థా ఉన్న దేశం కాబట్టి తట్టుకుంది. 2021 జనవరి 5న సౌదీలోని అల్ ఉలాలో రాజీ కుదిరేదాకా మూడున్నరేళ్లు అలాగే నడిచింది. పలావుకు ఆ వీలు లేదు, తేడా అదే. 2025 జూన్ 23న ఖతార్‌లో అమెరికా సైన్యం ఉండే అల్ ఉదైద్ స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసినప్పుడు ఖతార్ గగనతలం మూసింది కొన్ని గంటలే. కానీ ఆ కొన్ని గంటలకే ఆసియా నుంచి ఐరోపా, అమెరికా వెళ్లేవాళ్లు వేల మంది ఎక్కడెక్కడో దిగిపోయారు, సర్దుకోవడానికి రోజులు పట్టింది.

జనం తమంతట తామే చేసే బహిష్కరణ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈమధ్య మన దగ్గర ఇది బాగా పెరిగింది. 2024 జనవరిలో ప్రధాని మోదీ లక్షద్వీప్ వెళ్లాక మాల్దీవుల డిప్యూటీ మంత్రులు ముగ్గురు అవమానకరంగా పోస్టులు పెట్టారు. వాళ్లను సస్పెండ్ చేసినా కోపం చల్లారలేదు, ఒక పెద్ద బుకింగ్ సైటు మాల్దీవుల విమాన టికెట్లే ఆపేసింది. 2023లో 2.09 లక్షల మందితో మొదటి స్థానంలో ఉన్న భారతీయులు 2024లో దాదాపు 1.3 లక్షలకు తగ్గారు. కానీ ఆ ఏడాది మాల్దీవులకు మొత్తం 20 లక్షల మందికి పైగా వచ్చారు, మొదటి స్థానం చైనాది. పెద్ద రిసార్టుకు చైనా గ్రూపు దొరికింది. స్థానికులు ఉండే దీవుల్లో ఇంటి మీద రెండు గదులు వేసుకుని గెస్ట్‌హౌస్ నడిపేవాళ్లకు అంత తొందరగా ఇంకో దేశం దొరకదు. 2025 మేలో టర్కీ, అజర్‌బైజాన్ పాకిస్తాన్ పక్షాన మాట్లాడాక ఆ రెండు దేశాల బుకింగులు వారంలో 60 శాతం తగ్గాయని, రద్దులు 250 శాతం పెరిగాయని మేక్‌మైట్రిప్ చెప్పింది. నా డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో నా ఇష్టం అనడం న్యాయమే, ఎవరూ కాదనలేరు. నేను చెప్పేది, దాని బరువు విదేశాంగ మంత్రి మీద పడదు అని తెలిసే చేయండి అని. ఇంకో సంగతి, ఇలాంటి కోపానికి ఎత్తేయడానికి ఉత్తర్వు అంటూ ఏదీ ఉండదు కాబట్టి ఎప్పుడు చల్లారుతుందో ఏ ప్రభుత్వం చేతుల్లోనూ ఉండదు. కొందరికి నెలలో పోతుంది, కొందరు జన్మలో వెళ్లరు.

ఇలాంటప్పుడు టూరిస్టులు మాయమైపోరు, దారి మారతారు, అంతే. 2017లో కొరియాకు వెళ్లని చైనీయులు ఇళ్లలో కూర్చోలేదు, జపాన్‌కే ఒక్క ఏడాదిలో 64 లక్షల నుంచి 73 లక్షలకు పెరిగారు. తీర్థయాత్ర మాత్రం అలా కాదు. బీచ్‌కు బదులు బీచ్ ఉంటుంది, కైలాసానికి బదులు ఏముంది? 2020లో కొవిడ్‌తో ఆగిన మానససరోవర యాత్ర భారత్, చైనా సరిహద్దు ఉద్రిక్తత వల్ల 2025 జూన్ దాకా మొదలుకాలేదు. వయసు మీదపడిన ఎంతమందికి ఆ ఐదేళ్లు ఇక రావు! పాకిస్తాన్‌లోని గురుద్వారాకు వెళ్లే కర్తార్‌పుర్ కారిడార్ 2019 నవంబరు 9న తెరిచినప్పుడు వీసా లేకుండా వెళ్లి గురునానక్ చివరి రోజులు గడిపిన చోట మొక్కుకుని సాయంత్రానికి తిరిగి రావొచ్చని ఎంత సంతోషించారో జనం. 2025 మే 7న అదీ మూతపడింది. పర్యాటక ఆదాయం లెక్కల్లో ఈ నష్టం ఎక్కడా కనిపించదు, కానీ నాకు అన్నిటికన్నా బరువుగా అనిపించేది ఇదే.

గుడి సరిహద్దు మీదే ఉంటే మరీ కష్టం. ప్రీహ్ విహియర్ శివాలయం కంబోడియాదని 1962లో అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. 2008లో యునెస్కో జాబితాలో చేరింది, అంటే మామూలుగా టూరిస్టులు పెరగాలి. జరిగింది ఏమిటంటే అదే ఏడాది నుంచి 2011 దాకా థాయ్, కంబోడియా సైనికుల కాల్పులు. 2025 జూలై 24న మళ్లీ యుద్ధమే వచ్చింది, బ్యాంకాక్ నుంచి సరిహద్దు ఊరు పోయిపెట్ మీదుగా అంగ్‌కోర్‌కు బస్సులో వెళ్లే దారి అంతకు ముందు నెలలోనే మూతపడింది. ఒకే ట్రిప్పులో రెండు దేశాలూ చూసే ప్యాకేజీలు ఆ ప్రాంతంలో బాగా అమ్ముడుపోయేవి, అవన్నీ విడగొట్టుకోవాల్సి వచ్చింది.

చివరిగా ప్రయాణం పెట్టుకున్నవాళ్ల కోసం. అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇన్సూరెన్స్ పాలసీలో యుద్ధం గురించిన మినహాయింపు, అది దాదాపు ప్రతి పాలసీలో ఉంటుంది. గొడవ వార్తల్లోకి వచ్చాక కొన్న పాలసీ ఆ గొడవకు సాధారణంగా వర్తించదు, అందుకే టికెట్ కొన్న రోజే పాలసీ కూడా తీసుకోండి. మీ ప్రభుత్వం వెళ్లొద్దని అధికారికంగా చెప్పిన చోటికి వెళ్తే మిగతా కవర్ కూడా పోయే ప్రమాదం ఉంది. రెండోది, భయపడి మీరే ముందుగా రద్దు చేసుకుంటే నష్టం మీది, విమాన సంస్థ రద్దు చేస్తే రీఫండ్ వస్తుంది. టెన్షన్‌లో ఆ బటన్ నొక్కేముందు ఒకటి రెండు రోజులు ఆగి చూడటం చాలాసార్లు మేలు. ఐరోపా సమాఖ్య నిబంధనల్లో కూడా గగనతలం మూతపడటం అసాధారణ పరిస్థితి కిందే లెక్క, రీఫండ్ లేదా వేరే విమానం, వేచి ఉన్నంతసేపు భోజనం, బస అడగొచ్చు, అదనపు పరిహారం మాత్రం రాదు.

చవకగా వస్తుందని రెండు వేర్వేరు టికెట్లు కలిపి కొనకండి. అన్నీ ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే మొదటి విమానం దారి మళ్లినా మిమ్మల్ని గమ్యం చేర్చే బాధ్యత వాళ్లది, వేరుగా ఉంటే రెండో టికెట్టు చెల్లనట్టే. దారి మళ్లించాక దిగే దేశంలో ట్రాన్సిట్ వీసా కావాలేమో కౌంటర్ దగ్గరే అడగండి, కొత్త టికెట్టు చేతికి వచ్చాక కాదు. పాస్‌పోర్టులో ఉన్న పాత ముద్రలు కూడా చూసుకోండి. ఇజ్రాయెల్ వెళ్లొచ్చిన ఆనవాళ్లు ఉంటే లెబనాన్ రానివ్వదు, ఇజ్రాయెల్ ముద్ర వేయకుండా విడి కాగితం ఇచ్చేది అందుకే, కానీ జోర్డాన్ సరిహద్దులో వేసిన ముద్ర చూసి కూడా పట్టేస్తారు. వీసా లేకుండా అమెరికా వెళ్లగలిగే దేశాల పౌరులు 2011 మార్చి 1న గానీ ఆ తర్వాత గానీ ఇరాన్, ఇరాక్, సిరియా లాంటి చోట్లకు వెళ్లి ఉంటే ఆ సౌకర్యం పోతుంది, మామూలు వీసా తీసుకోవాల్సిందే. అర్మేనియా, అజర్‌బైజాన్ రెండూ ఒకే ట్రిప్పులో చూద్దామనుకుంటే వాటి మధ్య సరిహద్దు మూసే ఉంది, జార్జియా మీదుగా వెళ్లాలి, దానికి పట్టే అదనపు సమయం ప్రణాళికలో ముందే వేసుకోండి.

హోటల్ విషయంలో డబ్బు వెనక్కి వచ్చే రేటు, రాని రేటు మధ్య తేడా చాలాసార్లు తక్కువే ఉంటుంది, గొడవలున్న ప్రాంతానికి ఆ తేడా కట్టేయండి. ప్యాకేజీ తీసుకుంటే మాత్రం గగనతలం మూతపడితే ఎంత తిరిగి ఇస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు అన్నది అడ్వాన్సు కట్టకముందే ఈమెయిల్‌లో రాయించుకోండి.